కుళాయి జివ్వుమంటోంది, ఆర్‌సీసీబీ పడిపోతోంది: ముందు దేని సంగతి చూడాలి?

ప్రశ్న: మాది భీమవరం దగ్గర పల్లెటూరు. పన్నెండేళ్ళ కిందట కట్టిన రెండంతస్తుల ఇల్లు. మెయిన్ బోర్డులో 30 మిల్లీ యాంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే తనంతట తానే పడిపోయి సరఫరా తెంపే స్విచ్) ఉంది. ఇన్నేళ్ళూ అది ఉన్న సంగతే మాకు గుర్తులేదు. మొన్న వేసవిలో పై గదిలో గోడకు చెక్క అలమరలు పెట్టించాం. అప్పుడు ఏ ఇబ్బందీ లేదు. వానలు మొదలైన దగ్గర్నుంచి ఆర్‌సీసీబీ రోజుకు రెండు మూడు సార్లు పడిపోతోంది. ఇస్త్రీపెట్టె పెట్టగానే పడిపోతుంది, అదే పెట్టె పక్కింట్లో నిక్షేపంగా పనిచేస్తోంది. సాయంత్రం ఏడు గంటల వేళ మేము ఏమీ వేయకుండానే పడిపోతుంది. ఎర్త్ గుంటలో ఉప్పు నీళ్ళు పోయమంటే పోశాం, మరీ ఎక్కువైంది. ఇదికాక, గీజరు వేసి ఉన్నప్పుడు స్నానాల గదిలో కుళాయి పట్టుకుంటే చెయ్యి జివ్వుమంటోంది. ఒక ఎలక్ట్రీషియన్ ఆర్‌సీసీబీ తీసేద్దామంటున్నారు. ఇంకొకరు 100 మిల్లీ యాంపియర్లది వేస్తే సరిపోతుందంటున్నారు. మూడో ఆయన బోర్డులో ఎర్తునూ న్యూట్రల్‌నూ కలిపేస్తే గొడవ వదిలిపోతుందంటున్నారు. మా మావగారేమో రబ్బరు చెప్పులు వేసుకుని స్నానం చేయమంటున్నారు. ఎవరి మాట వినాలి?
— ఒక గృహిణి, పశ్చిమ గోదావరి జిల్లా

సమాధానం: సోదరికి నమస్కారం. ఈ జవాబు చివరిదాకా చదివే లోపే ఒక పని చేయండి. గీజరు స్విచ్ ఆపి, ఆ తరువాత దాని ప్లగ్గును సాకెట్‌లోంచి పూర్తిగా బయటకు లాగేయండి. స్విచ్ ఒక్కటే ఆపితే చాలదు. మన ఇళ్ళలో ఆ స్విచ్ రెండు తీగల్లో ఒకదాన్నే తెంపుతుంది. వైరింగు చేసినవారు పొరపాటున ఫేజుకు బదులు న్యూట్రల్‌ను స్విచ్‌లోకి తెచ్చి ఉంటే, స్విచ్ ఆపాక నీళ్ళు కాగడం ఆగుతుంది గానీ, లోపలి కాయిల్ మీద 230 వోల్టులూ అలాగే నిలిచి ఉంటాయి. మరమ్మతు పూర్తయ్యేవరకు పొయ్యి మీద కాచుకున్న నీళ్ళతోనే స్నానం చేయండి. ఈ నాలుగు రోజులకే కదా అని బకెట్లో వేసే హీటరు మాత్రం కొనకండి, అది ఇంతకంటే చెడ్డది.

మీ ఉత్తరం నిండా ఆర్‌సీసీబీ మీద ఫిర్యాదే ఉంది, కుళాయి గురించి ఒక్క వాక్యం ఉంది. నేను దాన్ని తలకిందులుగా చదివాను. రోజుకు మూడుసార్లు ఇల్లు చీకటి చేస్తున్న లోపం మిమ్మల్ని విసిగిస్తోంది గానీ, నా అంచనాలో అది ప్రాణం మీదికి తెచ్చే రకం కాదు. చడీచప్పుడు లేకుండా చేతిని జివ్వుమనిపిస్తున్నదే అసలు ప్రమాదం. ఈ రెండూ వేర్వేరు లోపాలని, ఒకదానికొకటి సంబంధం లేదని మీరు రాసిన గుర్తుల వల్లే నాకు అనిపిస్తోంది. మీ ఎలక్ట్రీషియన్లు ముగ్గురూ రెండింటినీ ఒకే జబ్బుగా చూసి, ముగ్గురూ మొదటి దానికే మందు రాశారు.

ముందుగా ఆర్‌సీసీబీ చేసే పని ఏమిటో రెండు మాటల్లో చెబుతాను, లేకపోతే మిగిలినది అర్థం కాదు. దాని లోపల ఉంగరంలాంటి ఒక ఇనుప చుట్ట ఉంటుంది. ఇంట్లోకి వెళ్ళే ఫేజు, తిరిగి వచ్చే న్యూట్రల్ రెండూ ఆ ఉంగరంలోంచే పోతాయి. వెళ్ళిన కరెంటంతా న్యూట్రల్ దారినే తిరిగి వస్తే ఒకదాని ప్రభావాన్ని మరొకటి రద్దు చేస్తుంది, ఉంగరానికి ఏమీ తెలియదు. వెళ్ళినదానికీ వచ్చినదానికీ తేడా పడిందంటే, కొంత కరెంటు గోడలోంచో, నీళ్ళలోంచో, మనిషి ఒంట్లోంచో నేలకు పోతోందని, లేదా నేల దారిన దొంగచాటుగా వస్తోందని అర్థం. 30 మిల్లీ యాంపియర్ల పరికరం ఆ తేడా 15 లోపు ఉంటే పడిపోకూడదు, 30కి చేరితే సెకనులో మూడో వంతు లోపే పడిపోవాలి. 15కూ 30కూ మధ్య దాని ఇష్టం. ఈ మధ్య ప్రాంతాన్ని గుర్తుంచుకోండి, మీ ఇంట్లో ‘ఒక్కోసారి పడుతుంది, ఒక్కోసారి పడదు’ అన్న చోద్యం అక్కడిదే కావచ్చు. ఇంకొక మాట: ఇది కొలిచేది తేడాను మాత్రమే. ఫేజును ఒక చేత్తో, న్యూట్రల్‌ను మరో చేత్తో పట్టుకున్న మనిషి దానికి ఒక బల్బులాగే కనిపిస్తాడు.

ఇప్పుడు కుళాయి సంగతి. గీజరులో నీళ్ళు కాచే కాయిల్ ఒక లోహపు గొట్టం మధ్యలో ఉంటుంది. కాయిల్ గొట్టానికి తగలకుండా చుట్టూ తెల్లని మెగ్నీషియం ఆక్సైడ్ పొడి కూరి ఉంటుంది. గొట్టానికి సూదిమొనంత తూటు పడినా, చివరలో సీలు వదిలినా ఆ పొడి తేమ పీల్చుకుంటుంది, కరెంటు గొట్టం మీదికి, నీళ్ళలోకి, ట్యాంకు ఒంటికి పాకుతుంది. ఇది గీజర్లకు మామూలుగా వచ్చే జబ్బే, దీనికి మందు కూడా ముందే ఏర్పాటై ఉంది. ట్యాంకు ఒంటికి తగిలించిన పచ్చ తీగ ఆ కరెంటును నేలకు తీసుకుపోతుంది, ఆర్‌సీసీబీకి తేడా కనిపించి వెంటనే పడిపోతుంది. మీ ఇంట్లో గీజరు వేసినప్పుడు కుళాయి జివ్వుమంటోంది గానీ ఆర్‌సీసీబీ పడటం లేదు. అంటే కరెంటు లీకవుతోంది, పచ్చ తీగ దాన్ని తీసుకుపోవడం లేదు. గీజరు ఎర్తు ఎక్కడో తెగింది.

పైపులు ఇనుపవి కాదు, ప్లాస్టిక్‌వి కదా అని మీరు అనవచ్చు. ప్లాస్టిక్ పైపు కరెంటును ఆపుతుంది, పైపులోని నీళ్ళు ఆపవు. మీ ప్రాంతంలో బోరు నీటికి ఉప్పు పాలు ఎక్కువ. ఒక మాదిరి ఉప్పున్న బోరు నీళ్ళు అరంగుళం పైపులో ఒక మీటరు పొడవున నిండి ఉంటే, ఆ నీటి కడ్డీ అడ్డుదల (రెసిస్టెన్స్) సుమారు 50 నుంచి 60 వేల ఓములు అవుతుంది. ట్యాంకు నిండా 230 వోల్టులు ఉంటే దాని గుండా 4 మిల్లీ యాంపియర్లు పోగలవు. చేతికి కరెంటు తెలియడం మొదలయ్యేది అర మిల్లీ యాంపియరు నుంచి ఒక మిల్లీ యాంపియరు దగ్గర. కాబట్టి మీకు తెలుస్తుంది, 15 దాటలేదు కాబట్టి ఆర్‌సీసీబీకి పడిపోవలసినంతగా కనిపించదు. మీ చేతికి తగిలిన ఆ ‘జివ్వు’ బహుశా ఈ లెక్కే.

నాలుగు మిల్లీ యాంపియర్లే కదా అనుకోకండి. అమెరికాలో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు బర్క్‌లీ ప్రాంగణంలో చార్లెస్ డాల్జీల్ అనే ఆచార్యుడు, స్వచ్ఛందంగా వచ్చినవారి చేతికి తీగనిచ్చి, ఎంత కరెంటు దగ్గర మనిషి పట్టు వదలలేకపోతాడో కొలిచారు. మగవారికి సగటున 16, ఆడవారికి సగటున 10.5 మిల్లీ యాంపియర్లు తేలాయి. సగటు అంటే కొందరికి అంతకంటే చాలా తక్కువలోనే పట్టు బిగుసుకుపోతుందని అర్థం, పిల్లల సంగతి చెప్పనే అక్కరలేదు. మనుషులను కాపాడటానికి మిల్లీ యాంపియర్లలో పనిచేసే పరికరాన్ని 1961లో అమెరికాలో రూపొందించినది కూడా ఆయనే. మీ స్నానాల గదిలో నేడు అడ్డంగా ఉన్నది ఒక మీటరు నీటి కడ్డీ ఒక్కటే. ఎవరైనా తడి చేత్తో గీజరు కింది ఇత్తడి బిగింపును తిప్పబోతే ఆ మీటరు కూడా మధ్యలో ఉండదు.

పచ్చ తీగ ఎక్కడ తెగి ఉంటుంది? మూడు చోట్ల చూడమనండి. ప్లగ్గు లోపల పొడవాటి పిన్నుకు బిగించిన మర, గీజరు లోపల ఒంటికి బిగించిన మర, సాకెట్ వెనక బిగింపు. ఎక్కువసార్లు ప్లగ్గులోనే దొరుకుతుంది, ఎందుకంటే బరువైన ఆ వైరును గుంజినప్పుడల్లా ముందుగా ఊడివచ్చేది అదే. చూడమని చెప్పేటప్పుడు ఇంకో మాట కూడా చెప్పండి: బల్బుతో పరీక్షించి ‘ఎర్తు బ్రహ్మాండంగా ఉంది’ అనవద్దనండి. ఈ బల్బు పరీక్ష మన దగ్గర శాస్త్రంలా చెలామణి అవుతోంది కాబట్టి కొంచెం వివరంగా చెబుతాను. 60 వాట్ల బల్బు వెలుగుతున్నప్పుడు దాని అడ్డుదల సుమారు 880 ఓములు. మీ ఎర్తు గుంట అడ్డుదల 100 ఓములుందనుకుందాం, అది పనికిరాని ఎర్తు. అయినా ఫేజుకూ ఎర్తుకూ మధ్య పెట్టిన బల్బుకు 205 వోల్టుల దాకా అందుతుంది, కంటికి దాదాపు నిండుగానే వెలుగుతుంది. అదే ఎర్తు మీద గీజరు కాయిల్ పూర్తిగా తెగి ఒంటికి తగిలితే, ప్రవహించేది 2.3 యాంపియర్లే. 16 యాంపియర్ల ఎమ్‌సీబీకి (కరెంటు మితిమీరితే సరఫరా తెంపే స్విచ్‌కు) అది ఒక చిన్న ఇస్త్రీపెట్టె లోడు కూడా కాదు, అది ఎప్పటికీ పడదు. పైగా సాకెట్‌లో బల్బు వెలిగిందంటే పచ్చ తీగ సాకెట్ దాకా వచ్చిందని మాత్రమే, గీజరు ఒంటిదాకా చేరిందని కాదు. మల్టీమీటరుతో గీజరు ఒంటికీ, బోర్డులోని ఎర్తు బిగింపుకూ మధ్య ఓములు కొలవాలి. ఒక ఓము అటూ ఇటూ ఉంటేనే తీగ నిజంగా ఉన్నట్టు. నియాన్ టెస్టరు కూడా ఇక్కడ సాక్షిగా పనికిరాదు, పక్క తీగ ప్రభావంతో వచ్చిన ఉత్తుత్తి వోల్టేజికి కూడా అది మినుకుమంటుంది.

ఇక మిమ్మల్ని విసిగిస్తున్న విషయానికి వస్తాను. మీరు రాసిన గుర్తులను వరసగా పెట్టి చూడండి. ఇస్త్రీపెట్టె మీ ఇంట్లో పెడితే పడిపోతుంది, పక్కింట్లో బాగుంది. సాయంత్రం ఏమీ వేయకుండానే పడిపోతుంది. వేసవిలో లేదు, వానల్లో ఉంది. ఎర్త్ గుంటలో నీళ్ళు పోస్తే ఎక్కువైంది. వేసవిలో గోడకు అలమరలు దిగాయి. ఈ ఐదూ ఒకే వైపు చూపిస్తున్నాయని నాకు అనిపిస్తోంది: మీ ఇంట్లో ఎక్కడో న్యూట్రల్ తీగ ఎర్తు తీగకు తగులుతోంది.

ఫేజు ఎర్తుకు తగిలితే గొడవ వెంటనే బయటపడుతుంది. న్యూట్రల్ తగిలితే ఏమవుతుందో చాలామంది ఆలోచించరు, అందులో ఏముంది, రెండూ సున్నాయే కదా అంటారు. న్యూట్రల్ సున్నా కాదు. ట్రాన్స్‌ఫార్మరు దగ్గర అది నేలతో సమానమే. అక్కడి నుంచి మీ ఇంటిదాకా వచ్చే తీగలో కరెంటు పారుతున్న కొద్దీ ఆ తీగ అడ్డుదల వల్ల మీ దగ్గర న్యూట్రల్ నేల కంటే కొద్దిగా పైకి లేస్తుంది. ఇంట్లో ఏమీ పెద్దగా వాడనప్పుడు అది 0.2 వోల్టులుందనుకోండి. తగిలిన చోటు నుంచి మీ ఎర్త్ గుంట ద్వారా ట్రాన్స్‌ఫార్మరు దాకా నేల దారిలో అడ్డుదల 20 ఓములనుకుంటే, ఆ దారిన పోయేది 10 మిల్లీ యాంపియర్లు, ఆర్‌సీసీబీ ఊరుకుంటుంది. 1000 వాట్ల ఇస్త్రీపెట్టె పెట్టారు, నాలుగు యాంపియర్ల పైన న్యూట్రల్ మీదికి వచ్చింది, న్యూట్రల్ ఒక వోల్టుకు లేచింది. ఇప్పుడు నేల దారిన పోయేది 50 మిల్లీ యాంపియర్లు, ఆర్‌సీసీబీ పడిపోయింది. ఇస్త్రీపెట్టెలో ఏ లోపమూ లేదు. దాని బదులు నిప్పులాంటి కొత్త పెట్టె తెచ్చి పెట్టినా ఇదే జరుగుతుంది. పక్కింట్లో న్యూట్రల్ ఎర్తుకు తగలడం లేదు కాబట్టి అక్కడ అది నిక్షేపంగా ఉంది.

సాయంత్రం ఏడు గంటల వింత కూడా ఇదే. అప్పుడు వీధిలో అందరి ఇళ్ళలోనూ లైట్లు, టీవీలు, మోటార్లు నడుస్తాయి. మీ ఇంటి న్యూట్రల్, వారి ఇళ్ళ న్యూట్రల్ స్తంభం మీద ఒకే తీగ. వారి కరెంటు వల్ల కూడా ఆ తీగ లేస్తుంది. మీ ఇంట్లో ఒక్క బల్బు కూడా వెలగకపోయినా, వీధి వారి కరెంటులో కొంత మీ న్యూట్రల్‌లోంచి ఇంట్లోకి వచ్చి, తగిలిన చోట ఎర్తులోకి దిగి, మీ గుంట దారిన నేలకు పోతుంది. మీరు ఒక్కో ఎమ్‌సీబీని దించి చూసినా ఫలితం కనబడదు, ఎందుకంటే మామూలు ఒంటి పోలు ఎమ్‌సీబీ ఫేజునే తెంపుతుంది, న్యూట్రల్ దారి అలాగే తెరిచి ఉంటుంది. ‘అన్నీ ఆపేసినా పడిపోతోంది, కాబట్టి ఆర్‌సీసీబీయే చెడిపోయింది’ అని పనివారు తేల్చడానికి కారణం ఇదే.

వానల సంగతి అన్నిటికంటే ముచ్చటైనది. వానకు ఇంట్లో ఏదో తడిసి లీకవుతోందని అందరూ అనుకుంటారు, చాలా ఇళ్ళలో అది నిజం కూడా. మీ ఇంట్లో మాత్రం వాన ఏదీ చెడగొట్టలేదని, మీ ఎర్తును బాగుచేసిందని నా అనుమానం. వేసవిలో గుంట చుట్టూ మట్టి ఎండిపోయి నేల దారి అడ్డుదల ఎక్కువగా ఉంది. న్యూట్రల్ తగులుతూనే ఉంది, పోయే కరెంటు మాత్రం 15 మిల్లీ యాంపియర్ల లోపే ఉంది. వానకు నేల నానింది, అడ్డుదల తగ్గింది, అదే తగులుడు ఇప్పుడు ఆర్‌సీసీబీని పడగొట్టగలుగుతోంది. మీరు ఉప్పు నీళ్ళు పోసి ఆ పని మరింత బాగా చేశారు. ఆ ఒక్క మాట మీరు రాయకపోతే నేను కూడా తడిసిన గేటు లైటు కోసం వెతకమనే వాడిని. అన్నట్టు, ఎండాకాలంలో గుంటలో మంచినీళ్ళు పోయడం మంచిదే. ఉప్పు మాత్రం ఇనుప గొట్టాన్ని తినేస్తుంది, ఇక పోయకండి.

అలమరల దగ్గరికి వస్తే, నా సొంత ఇంట్లో జరిగినది చెప్పాలి. కొన్నేళ్ళ కిందట మా ఇంట్లో మిక్సీ వేసినప్పుడల్లా ఇలాగే పడిపోయేది. మిక్సీని రెండుసార్లు బాగు చేయించాను, వంటగది సాకెట్ మార్పించాను, మూడు నెలలు ఇంట్లో వారిచేత మాటలు పడ్డాను. చివరికి వైర్లు విప్పి చూస్తే తప్పు హాల్లో దొరికింది. సంక్రాంతికి కొత్త కేలండరు తగిలించడానికి స్విచ్‌బోర్డుకు సరిగ్గా జానెడు పైన కొట్టిన మేకు గోడలోని ప్లాస్టిక్ గొట్టాన్ని చీల్చి, నల్లని న్యూట్రల్ తీగను, పచ్చని ఎర్తు తీగను కలిపి కుట్టేసింది. మేకు కొట్టింది నేనే. ఎర్రని ఫేజు తీగ దాని పక్కనే వెంట్రుకవాసి దూరంలో ఉంది. ఆ మేకును ఇప్పటికీ టేబుల్ సొరుగులో దాచుకున్నాను. మీ అలమరలు నిలబెట్టిన రెండంగుళాల స్క్రూలు ఏ స్విచ్‌బోర్డుకు తిన్నగా పైనో, ఏ ఫ్యాను తీగ దిగే వరసలోనో ఉన్నాయేమో ముందు చూడండి. గోడలో తీగలు సాధారణంగా బోర్డు నుంచి నిట్టనిలువుగా పైకి పోతాయి.

ఇది నా ఊహే. రుజువు చేయడం అరగంట పని, బోర్డు విప్పాలి కాబట్టి లైసెన్సున్న ఎలక్ట్రీషియన్ చేతనే చేయించండి. మెయిన్ ఆపి, న్యూట్రల్ తీగలన్నీ బిగించిన ఇత్తడి పట్టీ నుంచి పై గదికి వెళ్ళే నల్ల తీగను విప్పి విడిగా ఉంచి, ఆ గది ఎమ్‌సీబీని దించే ఉంచి, మెయిన్ వేసి, ఇస్త్రీపెట్టెను కింది గదిలో పెట్టి చూడమనండి. పడకపోతే దొంగ పై గదిలో ఉన్నట్టు. పడితే ఆ తీగ బిగించి ఇంకో గది నల్ల తీగ విప్పాలి. అలా దొరికిన సర్క్యూట్‌లో ప్లగ్గులన్నీ పీకి, ఆర్‌సీసీబీ నుంచి విడదీసి, 500 వోల్టుల మెగ్గర్‌తో న్యూట్రల్‌కూ ఎర్తుకూ, ఫేజుకూ ఎర్తుకూ మధ్య ఇన్సులేషన్ కొలవాలి. మెగా ఓముకు తగ్గకుండా రావాలి. తగిలిన చోట మెగ్గర్ ముల్లు సున్నా మీద పడుతుంది, వాదనకు తావుండదు. మెగ్గర్ వేసేముందు టీవీ, ఎల్‌ఈడీ లైట్లు, ఫ్యాన్ రెగ్యులేటర్లు విడదీయకపోతే వాటి ప్రాణం పోతుందని గుర్తుచేయండి. మిల్లీ యాంపియర్లు చూపే లీకేజీ క్లాంపు మీటరు ఎవరి దగ్గరైనా ఉంటే ఇంకా తేలిక: ఫేజునూ న్యూట్రల్‌నూ రెండింటినీ కలిపి దాని దవడల మధ్య పెడితే తేడా ఎంతో అంకెలో కనిపిస్తుంది. మామూలు క్లాంపు మీటరు ఈ పనికి చాలదు.

ఇన్వర్టరు ఉందో లేదో మీరు రాయలేదు. ఉంటే, దాని కనెక్షను ఆర్‌సీసీబీకి ముందు నుంచి తీసి, దాని మీది లైట్ల న్యూట్రల్‌ను మాత్రం ఆర్‌సీసీబీ తరువాతి పట్టీకి కలిపారేమో కూడా చూడమనండి. వెళ్ళేది ఒక దారి, వచ్చేది ఇంకో దారి అయితే ఏ లీకేజీ లేకపోయినా ఆర్‌సీసీబీకి తేడా కనిపిస్తుంది. ఇన్వర్టరు పెట్టిన ఇళ్ళలో ఇది చాలా చూశాను.

ఇక మీకు వచ్చిన సలహాలు. ఆర్‌సీసీబీ తీసేయమన్న వారి మాట వింటే ఏమవుతుందో ఒక లెక్కతో చెబుతాను. మీ ఎర్తు చక్కగా 5 ఓములుందనుకోండి, ట్రాన్స్‌ఫార్మరు వైపు ఇంకో 5. గీజరు కాయిల్ పూర్తిగా ఒంటికి తగిలితే 23 యాంపియర్లు పారుతుంది. ఇళ్ళలో వాడే 16 యాంపియర్ల సి రకం ఎమ్‌సీబీ ఠక్కున పడాలంటే 80 నుంచి 160 యాంపియర్లు కావాలి. 23కు అది వేడెక్కి వేడెక్కి పడాలి, గంట దాకా పట్టవచ్చు. ఆ సేపంతా ఎర్తుకు కలిపిన ఫ్రిజ్జు, వాషింగ్ మెషీను, మోటారు, గ్రైండరు అన్నిటి ఒంటి మీదా సుమారు 115 వోల్టులు నిలిచి ఉంటాయి. మంచి ఎర్తు ఉన్న ఇంట్లోనే ఇంత జరుగుతుంది. ఈ పరిస్థితిని సెకనులో ముగించగలిగేది ఆర్‌సీసీబీ ఒక్కటే. ఇళ్ళకు ఇలాంటి లీకేజీ రక్షణ ఉండాలని కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ భద్రతా నిబంధనలు చెప్పడం ఊరికే కాదు.

100 మిల్లీ యాంపియర్లది వేస్తే మీ సాయంత్రాలు ప్రశాంతంగా గడుస్తాయి, అది నిజమే. దాన్ని తయారుచేసింది తీగల్లో లీకేజీ వల్ల నిప్పు అంటుకోకుండా చూడటానికి, మనిషి కోసం కాదు. మనిషి గుండెను ఆపగల కరెంటు 30 మిల్లీ యాంపియర్లకు అటువైపునే మొదలవుతుంది. 30కూ 100కూ మధ్య ఎంత పోయినా అది చూస్తూ కూర్చునే హక్కు దానికి ఉంది.

ఎర్తునూ న్యూట్రల్‌నూ బోర్డులో కలపమన్న సలహా మూడింటిలోకీ ఘోరమైనది. ఆర్‌సీసీబీ తరువాత కలిపితే ఇప్పుడు ఎక్కడో దాక్కుని ఉన్న లోపాన్ని మీరే చేతులారా బోర్డులో చేసినట్టు, అది అసలు నిలబడదు. అందుకని ముందువైపు కలుపుతారు. ఆ తరువాత ఒక గాలివానకు స్తంభం మీద మీ ఇంటి న్యూట్రల్ ఊడిందనుకోండి, గోదావరి జిల్లాల వారికి గాలివానల గురించి నేను చెప్పనక్కరలేదు. ఇంట్లో వెలుగుతున్న ఏ బల్బు గుండానో, ఫ్యాను గుండానో ఫేజు న్యూట్రల్ పట్టీకి చేరుతుంది, తిరిగిపోయే దారి లేదు కాబట్టి మీరు కలిపిన ముడి ద్వారా ఎర్తు తీగలోకి ఎక్కుతుంది. ఫ్రిజ్జు తలుపు, మోటారు ఒళ్ళు, గీజరు ట్యాంకు అన్నీ ఒక్కసారిగా కరెంటు తీగలవుతాయి. ఏ ఒక్క సామానులోనూ లోపం లేకుండానే ఇల్లంతా షాక్ కొడుతుంది.

మావగారి చెప్పుల విషయం: పొడి నేల మీద, పొడి చెప్పులతో కొంత రక్షణ ఉంటుంది, కాదనను. స్నానాల గదిలో చెప్పులూ తడే, కాళ్ళూ తడే. పెద్దాయనకు నా నమస్కారాలు చెప్పి, ఆయన పర్యవేక్షణలోనే పని చేయించండి. విద్యుత్ పనిలో దగ్గరుండి చూసే పెద్దవారు ఉంటే పనివారు మరలు సరిగ్గా బిగిస్తారు.

మీరు అడగకపోయినా ఇంకో చోటు కూడా చూడమని చెప్పడం నా బాధ్యత, ఎందుకంటే అక్కడి లీకేజీ ఎంత మంచి ఆర్‌సీసీబీకైనా కనిపించదు. స్తంభం నుంచి మీ మీటరుకు వచ్చే సర్వీసు వైరును ఒక జీఐ తీగ (జింకు పూత ఉన్న ఇనుప తీగ) మోస్తూ ఉంటుంది. గాలికి ఊగి ఊగి, ఆ తీగ మీద రాసుకుని వైరు పైతొడుగు అరిగితే జీఐ తీగకు కరెంటు పాస్ అవుతుంది. ఆ తీగను కట్టిన కొక్కేనికో, దాని పక్క ఇనుప స్తంభానికో బట్టలు ఆరేసే తీగ కూడా కట్టి ఉంటే, తడి చీర వేయబోయిన మనిషి పడిపోవడం, కాపాడబోయిన రెండో మనిషి కూడా పడిపోవడం మన పల్లెల్లో ప్రతి వానాకాలం వింటున్న వార్తే. ఆ లోపం ఆర్‌సీసీబీకి ముందు, మీటరుకు కూడా ముందు ఉంది. డాబా మీద మీ దండెం ఇనుప తీగ అయితే రేపే విప్పేసి నైలాను తాడు కట్టండి, సర్వీసు వైరు కొక్కేనికి జానెడు దూరంలో కూడా ఏదీ కట్టవద్దు. వైరు ఎక్కడైనా చీలినట్టు కనిపిస్తే చెయ్యి పెట్టకుండా లైన్‌మన్‌కు చెప్పండి.

పని మొదలుపెట్టే వరస ఇలా ఉంటే మంచిది. ముందు గీజరు. కాయిల్‌ను విప్పి మెగ్గర్ వేసి చూడాలి. ఎండబెట్టి మళ్ళీ వాడుకోవచ్చని కొందరు అంటారు, తేమ మాత్రమే అయితే అప్పటికి కొలత బాగా వస్తుంది కూడా. ఇన్నాళ్ళు ఉప్పు నీళ్ళలో ఉన్న కాయిల్‌కు ఆ మన్నన అక్కరలేదు, కొత్తది వేయించండి. గీజరు కూడా ఇల్లంత పాతదైతే, ట్యాంకు లోపల తుప్పు చూశాక మొత్తం మార్చాలో లేదో తేల్చుకోవచ్చు. పచ్చ తీగ కొలిచి, ఓములు కాగితం మీద రాయించుకుని, అప్పుడే ప్లగ్గు పెట్టాలి. ఆ తరువాత పై గది న్యూట్రల్. స్క్రూ తగిలిన చోట తీగను టేపు చుట్టి వదిలేయనివ్వకండి, బోర్డు నుంచి బోర్డుకు ఆ ముక్క కొత్తది లాగించి, అలమరను నాలుగు వేళ్ళు పక్కకు జరిపించండి.

అన్నీ అయ్యాక ఆర్‌సీసీబీ మీద ‘టి’ అని రాసి ఉన్న చిన్న బొత్తాన్ని నొక్కండి, అది ఠపీమని పడాలి. నెలకొకసారి, కరెంటు బిల్లు కట్టిన రోజున నొక్కడం అలవాటు చేసుకుంటే మరచిపోరు. ఆ బొత్తాం పరికరం లోపలి కదలికను మాత్రమే పరీక్షిస్తుంది, ఎర్తు ఉన్నా లేకపోయినా పడుతుంది. కాబట్టి ఎర్తు గుంటను రెండేళ్ళకొకసారి మీటరుతో విడిగా కొలిపించాలి. ఎండలు ముదిరిన మే నెలలో కొలిపించండి, వానాకాలంలో వచ్చే మంచి అంకె వేసవికి నిలవదు.